జ్వరానికి బదులు బాపు రాసిన మాట

మొన్న నేను తప్పిపోయాను. పుట్టి పెరిగిన ఇబ్రహీంపట్నంలో, పొద్దున్నే, చేతిలో కొత్తిమీర కట్ట పట్టుకుని తప్పిపోయాను. కూరగాయలకని వెళ్ళి వస్తూ ఆటోవాడు దింపిన చోట నిలబడితే, ఇల్లు ఏ సందులో ఉందో ఎంతకీ గుర్తుకు రాలేదు. ఎదురుగా సెల్‌ఫోన్ల దుకాణం, పక్కన ప్లాట్లు అమ్మేవాళ్ళ ఆఫీసు, రోడ్డు పొడుగునా కాలేజీ బస్సులు. ఇవేవీ నాకు తెలిసినవి కావు. ఎవరినైనా అడుగుదామంటే సిగ్గు. ఊళ్ళో నాకంటే పాతవాళ్ళు పట్టుమని పదిమంది లేరు, నేను వెళ్ళి మా ఇల్లెక్కడని ఎవరిని అడగను?

ఇంట్లోవాళ్ళు తలో దిక్కూ వెతికారట. కొడుకు డ్యూటీకి వెళ్ళలేదు. కోడలు స్కూటీ వేసుకుని మార్కెట్ అంతా తిరిగింది. బడి బస్సు ఎక్కబోతున్న మనవరాలు కూడా సంచీ అరుగు మీద పడేసి బయల్దేరింది. చివరికి నన్ను పట్టుకున్నది అదే. చెరుకురసం బండి పక్కన బెంచీ మీద కూర్చుని ఉంటే, "ఇంటికి పోదాం పా నానమ్మా" అని చెయ్యి పట్టుకుని నడిపించింది. ఇల్లు అక్కడికి రెండు సందుల అవతలే ఉంది.

నిన్న పొద్దున బడివాళ్ళ దగ్గర్నుంచి కోడలి ఫోనుకు మెసేజ్ వచ్చింది, పాప ఎందుకు రాలేదో కారణం రాయమని.

"ఫీవర్ అని కొడ్తున్న" అంది కోడలు, పొయ్యి మీద చాయ్ చూసుకుంటూనే.

"వద్దు. ఏమన్నా కొట్టు, గది మాత్రం కొట్టకు" అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగానే అన్నట్టున్నాను.

"మరేం కొట్టాలె అత్తమ్మా? నువ్వు తప్పిపోయినవని కొట్టాల్నా?"

కోడలు మంచిదే. వెటకారానికి అనలేదు, నిజంగానే అడిగింది. కానీ నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గులోనే ఒక ఇంగ్లీషు మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఆ మాటను నేను విన్నది, చదివింది, దాని వల్ల చచ్చేంత సిగ్గుపడింది, అన్నీ పదో తరగతిలోనే.

మా రోజుల్లో బడి మానితే లీవ్ లెటర్ ఇవ్వాలి. ఆ లెటర్ ఎలా రాయాలో గైడులో ఉండేది. ఇంగ్లీషులో తన పేరు సరిగ్గా రాయలేనివాడికి కూడా ఆ లెటర్ మాత్రం కంఠతా వచ్చేది. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని మొదలై, దండాలతో అయిపోయేది. మేనమామ పెళ్ళికి వెళ్ళినా జ్వరమే. పల్లికాయ ఏరడానికి కూలికి వెళ్ళినా జ్వరమే. బోనాల మర్నాడు సగం క్లాసుకు జ్వరం. సార్లకు తెలియదా అంటే తెలుసు. మా ఇంగ్లీషు సారు లెటర్ అందుకుని, "జరం తగ్గిందా? మామ పెండ్లిల బూరెలు మంచిగున్నయా?" అని ఒకేసారి అడిగేవారు. అడిగినవాళ్ళకూ చెప్పినవాళ్ళకూ అందులో తప్పేమీ కనబడేది కాదు.

మా ఇంట్లో మాత్రం ఆ మాట పలకరు. నాకంటే ముందు ఒక అన్న ఉండేవాడట. నేను పొత్తిళ్ళలో ఉన్నప్పుడు వాడికి జ్వరం వస్తే, నేను బాపు అని పిలిచే మా నాన్న, నాయనమ్మ కలిసి బస్సులో పట్నం దవాఖానకు ఎత్తుకుపోయారు. నాలుగు రోజులకు వాణ్ణి అక్కడే మట్టి చేసి ఇద్దరే బస్సు దిగారు. ఆ తర్వాత మా గడపలో జ్వరం అనే మాట వినబడలేదు. ఎవరికైనా వస్తే "ఒళ్ళు కాగుతుంది" అనేవారు, అదీ మెల్లగా. ఒకసారి ఆటలో నేను నా బట్టబొమ్మకు జ్వరమొచ్చిందని తడిగుడ్డ వేస్తుంటే నాయనమ్మ వచ్చి వీపు మీద ఒకటి వేసింది.

"లేనిదాన్ని పేరువెట్టి పిలుస్తవానే? తథాస్తు అనేటోళ్ళు చూరు మీదనే కూసుంటరు" అంది.

బాపు దర్జీ. బస్టాండుకు దూరంగా, బడికి పోయే దారిలో ఉండేది దుకాణం. బళ్ళు తెరిచే ముందు ఊరి పిల్లలందరి యూనిఫారాలూ మా మిషను మీద నుంచే వెళ్ళేవి. ఖాకీ నిక్కర్ల బట్టకు ఒక గంజి వాసన, మిషను నూనె వాసన, బొగ్గుల ఇస్త్రీపెట్టె కింద తడిబట్ట పొగలు కక్కే వాసన. నేనూ నా స్నేహితురాలూ కత్తిరింపు ముక్కల కోసం బల్ల కింద దూరేవాళ్ళం. బాపు కొలతలు గీసే చదునైన సుద్దబిళ్ళలు దొంగిలించి బడి గోడల మీద బొమ్మలు వేసేవాళ్ళం. ఒకసారి పెద్ద గుండీలు కొన్ని తీసుకుపోయి కచ్చకాయలకు బదులు ఆడి, అన్నీ పోగొట్టుకుని వచ్చాం. ఆ రోజు బాపు తిట్టలేదు గానీ, నా గౌనుకు గుండీలు లేకుండా పిన్నీసులు పెట్టి బడికి పంపాడు.

పదో తరగతిలో సీతాఫలాల కాలంలో నాయనమ్మకు మతి చెదరడం మొదలైంది. ఏటా కాయలు కోయించి, గంపలో గడ్డి వేసి మాగబెట్టేది. ఇల్లంతా ఆ తీపి వాసనతో మత్తుగా ఉండేది. ఆ ఏడు మాగీ మాగకముందే గంప నెత్తిన పెట్టుకుని బస్టాండుకు నడిచింది. పట్నం నుంచి వచ్చిన ప్రతి బస్సు దగ్గరికీ వెళ్ళి కండక్టర్‌ను అడిగేది.

"మా పిలగాడు దిగిండా బిడ్డా?"

కండక్టర్లు మంచివాళ్ళు. కసురుకునేవాళ్ళు కాదు. "ఎనక బస్సుల వస్తుండవ్వా" అనేవాళ్ళు. ఆ మంచితనమే మాకు ముప్పయింది. వెనక బస్సు కోసం ఆమె అక్కడే ఉండిపోయేది. అదీ రాకపోతే బస్సుకు ఎదురు పోతున్నాననుకుని సాగర్ రోడ్డు పట్టుకునేది. పట్నం ఒక దిక్కైతే ఆమె దానికి ఎదురు దిక్కు, యాచారం వైపు నడిచేది.

అలాంటి రోజుల్లో బాపు దుకాణం మూసి ఒక దారి, అమ్మ ఒక దారి, నేను ఒక దారి పట్టేవాళ్ళం. దొరికేసరికి ఒక్కోసారి పొద్దు వాలేది. ఆమె కాళ్ళకు చెప్పులుండేవి కావు. ఎందుకొచ్చావంటే మమ్మల్ని వింతగా చూసి, "మీరెందుకొచ్చిండ్రు? బస్సు రానియ్యిండ్రి" అనేది.

మొదటిసారి బడి మానిన మర్నాడు లీవ్ లెటర్ రాసివ్వమని బాపును అడిగాను. గైడు తెచ్చి ముందు పెట్టాను. ఫీవర్ అన్న చోటికి రాగానే గైడు మూసేశాడు.

"నీ పేరు మీద గా మాట నేను రాయ" అన్నాడు.

"మరి నాయనమ్మకు పిచ్చిలేసిందని రాయి" అన్నాను. ఇరుగుపొరుగు అంటున్న మాటే నేనూ అన్నాను. బాపు నా వైపు చూసిన చూపుకు నేను గైడు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

బాపు పదో తరగతి తప్పినవాడు. అట్టలు ఊడిన ఇంగ్లీషు తెలుగు నిఘంటువు ఒకటి దుకాణంలో ఉండేది. గాలికి కాగితపు కొలతలు ఎగరకుండా బరువుగా పెట్టడానికే దాన్ని వాడేవాడు. ఆ రోజు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తెలుగు మాటకు ఇంగ్లీషు కావాలి, పుస్తకమేమో ఇంగ్లీషుకు తెలుగు చెప్పేది. అందుకని మొదటి పేజీ నుంచి తెలుగు అర్థాల మీద వేలు పెట్టి చదువుతూ పోయాడు. ఏ అంతా అయిపోయి బీలోకి వచ్చాక వేలు ఆగింది.

"బివిల్డర్‌మెంట్" అని కూడబలుక్కుని చదివాడు. "దిక్కు తోచకపోవుట. దారి తెలియని కలత. గిదే బిడ్డా, మనింట్ల ఉన్నది గిదే."

దేవుడి దయ వల్ల ఆ మాట జెడ్‌లో లేదు. ఉంటే నేను ఆ ఏడాది బడికి పోయేదాన్ని కాదు. 'యాజ్ దేర్ వాజ్ బివిల్డర్‌మెంట్ ఇన్ అవర్ హౌస్' అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద సంతకం చేసి, ఇస్త్రీ మడత పెట్టినట్టు నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఆయన ముఖంలో ఎంత గర్వమో. ఏ మాటా అబద్ధం కాదు, తల్లిని ఎవరూ ఏమీ అనే వీల్లేదు. అంత మంచి మాట ఊళ్ళో ఎవరి దగ్గరా లేదని ఆయన ధైర్యం.

క్లాసులో సారు ఆ లెటర్ పైకి చదివారు. ఒకసారి చదివి, ఆగి, మళ్ళీ చదివారు.

"గిదేం రోగమే? మా ఇంట్ల ఎవ్వరికి రాలే" అన్నారు.

క్లాసంతా నవ్వింది. "సార్, అంటుకుంటదా?" అని వెనక బెంచీవాడు అరిచాడు. నా పక్కనున్న అమ్మాయి నిజంగానే కొంచెం జరిగి కూర్చుంది. నేను తల వంచుకుని బల్ల మీద గీతలు చూస్తూ నిలబడ్డాను. అర్థం చెప్పొచ్చు. చెబితే, బస్టాండులో కండక్టర్లను అడుగుతూ తిరిగే ముసలమ్మ మా నాయనమ్మే అని అందరికీ తెలుస్తుంది. నవ్వులపాలు కావడమే నయమనుకుని ఊరుకున్నాను.

ఆ తర్వాత నాకు పేరుండేది కాదు. "బివిల్డర్‌మెంట్ వచ్చింది జరుగుండ్రి" అనేవాళ్ళు. బాపుకేమో ఆ మాట మీద మోజు పెరిగింది. నాయనమ్మను వెతకడానికి దుకాణం మూసిన రోజు తలుపుకు ఒక పలక వేలాడదీసేవాడు. దాని మీద సుద్దతో 'బివిల్డర్‌మెంట్. రేపు రండి' అని రాసేవాడు. బట్టలకు వచ్చినవాళ్ళు అది చూసి, మర్నాడు, "టైలరన్నా, నిన్న గదేం పండుగనే? మాకు చెప్పకపోతివి" అని అడిగేవారు. బాపు నవ్వి ఊరుకునేవాడు. బడికి పోతూ ఆ పలక కనబడితే నేను రోడ్డు దాటి అవతలి వైపు నుంచి నడిచేదాన్ని.

"అందరి లెక్క రాయరాదు బాపూ" అని ఒకసారి బతిమాలాను. ఉడకబెట్టిన బొబ్బర్ల గుడాలు కాగితంలో పోసి ఇస్తూ, "నవ్వితే నవ్వనీ బిడ్డా. నవ్వుతోని ఒళ్ళు కాగదు" అన్నాడు.

ఒక సాయంత్రం బడి వదిలాక మంచాల ఊరి వైపు పోయే స్నేహితురాళ్ళను బస్సెక్కించడానికి బస్టాండుకు వెళ్ళాను. అక్కడ నాయనమ్మ ఉంది. చంకలో చిన్న గంప. మా గుంపు దగ్గరికే వచ్చింది. తిన్నగా నా ముందే నిలబడి, నా ముఖంలోకి చూసింది.

"ఎవ్వరి బిడ్డవే? మా పిలగాడు దిగంగ చూసినవా?"

పక్కనున్నవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి నన్ను గుర్తుపట్టలేదు. అందుకు నాకు ఏడుపు రావాలి. రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఇన్నేళ్ళయినా ఆ హమ్మయ్య తలుచుకుంటే నాకు ఒళ్ళు చచ్చిపోతుంది. మంచాల బస్సు కదిలాక ఆమె చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. దారిలో గంపలోంచి ఒక కాయ తీసి, "తిను బిడ్డా, ఎవ్వరి పిల్లవో గని మంచిదానివి" అంది. బాగా మాగి చితికిన కాయ. గింజలు ఉమ్ముకుంటూ తిన్నాను.

చలి తగ్గి ఎండలు మొదలవుతుండగా పెద్దసారు బాపును బడికి పిలిపించారు. కొలతల టేపు మెడలోనే ఉండగా వచ్చాడు. గదిలో పెద్దసారు, ఇంగ్లీషు సారు ఉన్నారు. నన్నూ పిలిచి బల్ల ముందు నిలబెట్టారు. హాజరు పుస్తకాలు తెచ్చిన పిల్లలు ఇద్దరు ముగ్గురు తలుపు దగ్గర ఆగిపోయారు.

"నీ బిడ్డ మంచిగ సదువుతది. కని హాజరు తక్కువైంది" అన్నారు పెద్దసారు. "జబ్బు జేసి రాలేదంటే పైనోళ్ళు ఒప్పుకుంటరు, పరీక్షకు కూసుండనిస్తరు. ఇంకే కారణానికి ఒప్పుకోరు."

"జబ్బు లేదు సార్."

"నాకు తెల్వదా అయ్య? గీ బివిల్డర్‌మెంట్ అని పైకి పంపితే నన్ను నవ్వుతరు. ఫీవర్ అని ఒక్క కాయితం రాసియ్యి, నేను సంతకం వెట్టి పంపుత."

బాపు టేపు కొసను వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. "మా అవ్వకు మతి నిలుస్తలేదు సార్. బస్టాండుల ఉంటది. ఎతుకవోతం. గదే రాసిన" అన్నాడు.

తలుపు దగ్గర పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. నేను అన్ని నెలలూ దాచింది అక్కడితో అయిపోయింది.

"అయ్యో, గామె మీ అవ్వనా?" అన్నారు పెద్దసారు. గొంతు మెత్తబడింది. "గట్ల రాస్తె పరీక్ష పోతదయ్య. ఊరంత రాస్తలేరా? రాస్తె జరమొస్తదా?"

"రాదు సార్. తెలుసు" అన్నాడు బాపు. "కని ఒక పిలగాడు పోయిండు మాకు."

బల్ల మీద కాగితం, దాని మీద కలం. బాపు చెయ్యి టేపును వదల్లేదు. తలుపు దగ్గర చూస్తున్న ఆ కళ్ళన్నీ నా వీపు మీద ఉన్నాయి. పరీక్ష పోతుందన్న భయం కంటే అదే నాకు భరించరానిదైంది.

"రాయి బాపూ" అన్నాను పళ్ళ బిగువున. "నాకు సిగ్గయితుంది."

బాపు నన్ను ఒక్కసారి చూశాడు. తర్వాత వంగి రాశాడు. కొలతలు చెబుతుండగానే చకచకా రాసుకునే మనిషి, ఆ నాలుగు ముక్కలకు ఎంతో సేపు తీసుకున్నాడు. సంతకం చేసి, కలానికి మూత పెట్టి, పెద్దసారుకు దండం పెట్టి బయటికి వచ్చాడు. బడి నల్లా దగ్గర ఆగి, చేతికి నూనె అంటితే కడుక్కున్నట్టు గోళ్ళ సందులు కూడా కడుక్కున్నాడు. ఆ తడి చెయ్యి నా నుదుటి మీద పెట్టాడు.

"సల్లగనే ఉన్నది. పో, క్లాసుకు పో" అన్నాడు.

ఆ రోజు నుంచి నేను నిద్ర లేచేసరికి నా నుదుటి మీద బాపు అరచెయ్యి ఉండేది. కొంచెం గరుకుగా, మిషను నూనె వాసనతో. చల్లగా ఉందని నమ్మకం కుదిరాకే దుకాణానికి వెళ్ళేవాడు. నేను విసుక్కుని దుప్పటి ముసుగు పెట్టుకునేదాన్ని.

జ్వరం నాకు రాలేదు. పరీక్షలు రాశాను. చివరి పరీక్ష అయిన వారంలోనే నాయనమ్మ మిట్టమధ్యాహ్నం యాచారం దారిలో నడుస్తూ రోడ్డు పక్కన పడిపోయింది. గడ్డి బండివాళ్ళు ఎక్కించుకుని తెచ్చారు. సాయంత్రానికి ఒళ్ళు పొయ్యిలా కాలిపోయింది. దవాఖానలో సూది వేసినా తగ్గలేదు. రెండో రోజు కళ్ళు తెరిచి, "బస్సొచ్చిందా?" అని అడిగింది.

"వచ్చిందవ్వా" అన్నాడు బాపు.

"దిగిండా?"

"దిగిండు."

అంతే, మళ్ళీ మాట్లాడలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఏమైందని అడిగితే బాపు జ్వరమని ఎవరికీ చెప్పలేదు. "దారి తప్పిందే అక్కా" అన్నాడు ప్రతి ఒక్కరితోనూ.

దినాలు అయ్యాక ఒక మధ్యాహ్నం అమ్మతో అంటుంటే విన్నాను. "నా చేత్తోని రాసిన" అన్నాడు. "ముసలామె, ఎండలు, నీ రాతతోని పోయిందా?" అంది అమ్మ. "పోయిందంటలేను. రాసినగద" అన్నాడు. నేను తలుపు చాటున నిలబడ్డాను. రాయించింది నేనని ఆయన అనలేదు. అప్పుడే కాదు, తర్వాత బతికిన అన్నేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు. పలక మాత్రం తలుపుకు మళ్ళీ కనబడలేదు. దుకాణం మూస్తే మూసి ఉండేది, అంతే. నేను పాసయ్యానని తెలిసిన రోజు మిషను ఆపి, కొత్త బట్ట తీసి నాకు కొలతలు తీసుకున్నాడు. కాలేజీకి గుండీలు మంచివి వేస్తానన్నాడు.

మొన్న నేను దారి తెలియక నిలబడ్డ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది చూశారా, అదే బాపు దుకాణం ఉండిన చోటు. ఆ సంగతి ఇంటికి వచ్చి మంచినీళ్ళు తాగాక తోచింది.

ఇదంతా నిన్న కోడలికి చెప్పే ఓపిక లేదు. ఫోను పట్టుకుని ఎదురు చూస్తోంది. "బివిల్డర్‌మెంట్ అని కొట్టు" అన్నాను. కోడలు ఆశ్చర్యపోయింది గానీ, "గదైతే గదే" అని కొట్టబోయింది.

మనవరాలు జడ అల్లుకుంటూ వచ్చి ఫోనులోకి తొంగి చూసింది.

"అమ్మో, గదొద్దు నానమ్మా. మా మేడం క్లాసుల అందరి ముందట అడుగుతది. మస్తు నవ్వుతరు" అంది. దాని చెవులు ఎర్రబడ్డాయి. మొన్న నా చెయ్యి పట్టుకుని నడిపించిన పిల్ల, నిన్న నా ముఖం వైపు చూడలేకపోయింది. ఆ వయసులో నా ముఖం ఎలా ఉండేదో, ఆ గదిలో బాపుకు ఏం కనబడిందో, నాకు ఇన్నాళ్ళకు తెలిసింది.

"ఫీవరే కొట్టమ్మా" అన్నాను కోడలితో.

కొట్టింది. ఒక్క క్షణంలో పోయింది. పిల్ల సంచీ భుజాన వేసుకుని గేటు దాకా వెళ్ళింది. వెనకే వెళ్ళి ఆపాను. ఏమైంది నానమ్మా అంటుంటే, నల్లా కింద చెయ్యి కడుక్కుని వచ్చి దాని నుదుటి మీద పెట్టాను. చల్లగానే ఉంది. బస్సు హారన్ కొడుతున్నా, నమ్మకం కుదరక ఇంకోసారి పెట్టి చూశాను.